భ్రమరాంబ టీచరు గదికి ఎవరూ రారు

నందిరేవు మునిసిపల్ కమిషనర్ వైకుంఠరావు గారు రాజధానిలో ఏదో శిక్షణ శిబిరానికి వెళ్ళి, కొత్త జ్ఞానంతో ఊరికి తిరిగొచ్చారు. వెళ్ళేముందు ఆయనకు ఊళ్ళో ట్రాఫిక్ ఎందుకు ఆగిపోతోందో సరిగ్గా తెలియదు. మార్కెట్ వీధిలో సగం రోడ్డు తవ్వి వదిలేయడం వల్లనో, మిగిలిన సగంలో మునిసిపాలిటీ వారి చెత్తబండి చెడిపోయి నిలబడిపోవడం వల్లనో అనుకునేవారు. శిబిరంలో అసలు కారణం బోధపడింది. జనం ఒక చోటినుంచి ఇంకో చోటికి వెళ్ళడం వల్ల ట్రాఫిక్ పుడుతోంది. వెళ్ళడానికి ఇంకో చోటు ఉంది కాబట్టి వాళ్ళు వెళుతున్నారు. కనుక కొత్తగా ఎవరు ఏ చోటు కట్టినా, అక్కడికి రాబోయేవాళ్ళందరి తరఫునా ముందే రుసుము చెల్లించాలి.

దీనికి రాకపోకల ప్రభావ రుసుము అని పేరు. కౌన్సిల్ సమావేశంలో కమిషనర్ గారు ఈ తీర్మానం చదువుతుంటే సభ్యులందరూ తలలూపారు. ప్రభావం అనే మాట వినపడగానే అది తమ గురించే అనుకున్నవాళ్ళు కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

సరిగ్గా ఆ వారమే భ్రమరాంబ టీచరు ఇంటి ముందు కట్టిస్తున్న గది గోడలు కప్పు ఎత్తుకు లేచాయి.

భ్రమరాంబ ఆ ఊరి బాలికల హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సంగీతం చెప్పింది. ఆవిడతో పాటే ఆ పోస్టూ రిటైరైపోయింది. సంగీతం గదిలో ఇప్పుడు విరిగిన బెంచీలు పెట్టుకుంటున్నారు. ఇంట్లో నేర్పిద్దామంటే, కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన భర్త సూర్యప్రకాశం పొద్దుటి నుంచి టీవీలో వార్తలు చూస్తూ వార్తలు చదివేవాళ్ళతో తగువు పెట్టుకుంటాడు. అందుకని చేతికొచ్చిన డబ్బుతో ఇంటి ముందు ఖాళీ స్థలంలో ఒక గది వేయిస్తోంది. ఒక తంబూరా, ఒక చాప, పిల్లలు. అంతకుమించి ఆవిడకు వేరే కోరికల్లేవు.

టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్ భద్రరాజు ఒక టేపూ, ఒక లావాటి పుస్తకమూ పట్టుకుని వచ్చాడు. గది కొలిచాడు. చెమట తుడుచుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు.

“ఈ గదికి ఎంతమంది వస్తారంటారమ్మా?”

ఆ గది గురించి అంత శ్రద్ధగా అడిగినవాళ్ళు అంతవరకు ఒక్కరూ లేరు. నిజానికి ఆ రోజుకు ఖాయమైన శిష్యులు ఎదురింటి కవలలు ఇద్దరే. అదైనా సాయంత్రం పూట తనకో గంట ప్రశాంతత కావాలని వాళ్ళమ్మ కుదిర్చిన బేరం. కానీ ఇంత మర్యాదగా అడిగిన మనిషికి ఇద్దరని చెప్పడానికి భ్రమరాంబకు నోరు రాలేదు.

“తక్కువలో తక్కువ ముప్పై మంది,” అంది.

కిటికీ వెనక సూర్యప్రకాశానికి పొలమారింది.

భద్రరాజు రాసుకున్నాడు. “ముప్పై మంది. ఒక్కో పిల్లకీ రావడం ఒకటి, పోవడం ఒకటి. దింపడానికొచ్చినోళ్ళు రావడం, పోవడం. మళ్ళీ తీసుకెళ్ళడానికి రావడం, పోవడం.”

“అందరూ పక్క వీధి పిల్లలే రాజుగారూ. నడిచొస్తారు.”

“నడకైనా కదలికే కదమ్మా. పిల్ల రోడ్డు దాటుద్ది, బండి ఆగుద్ది. ఆ బండెనకాల ఇంకో బండి ఆగుద్ది. అలా అలా హైవే దాకా పోద్ది.” భద్రరాజు హైవే ఉన్న దిక్కు చూసి నిట్టూర్చాడు. తర్వాత లావు పుస్తకం తెరిచాడు. అది శిబిరంలో కమిషనర్ గారికి ఇచ్చిన పుస్తకం. ఏ కట్టడం ఎన్ని రాకపోకలు పుట్టిస్తుందో ఏదో చల్లటి దేశంలో లెక్కగట్టి అచ్చేసినది. అందులో గోల్ఫ్ మైదానం ఉంది. గుర్రాలకు శిక్షణ ఇచ్చే చోటు ఉంది. కార్లో కూర్చుని సినిమా చూసే స్థలం ఉంది. సంగీతం గది మాత్రం లేదు.

“లేకపోతే వదిలేయండి,” అని కిటికీలోంచి సూర్యప్రకాశం సలహా ఇచ్చాడు.

“అలా కుదరదండి. లేకపోతే దగ్గర పోలికున్నది తీసుకోమని రూలు.” భద్రరాజు వేలు పెట్టి పేజీలన్నీ వెతికాడు. “సౌండుండాలి. జనం రావాలి, పోవాలి. పిల్లా పెద్దా అందరూ ఉండాలి...” వేలు ఒకచోట ఆగింది. “ఇదిగోనండి. విమానాశ్రయం. చిన్న తరహా.”

కిటికీలోంచి ఒక తల బయటికొచ్చి ఇంటి ముందు స్థలమంతా కలియజూసింది.

“రన్‌వే ఎక్కడుందండీ?” అన్నాడు సూర్యప్రకాశం.

“లేదు కదండీ మరి. అందుకే చిన్న తరహాలో వేశాను,” అన్నాడు భద్రరాజు. ఆ కుటుంబానికి తన చేతనైన మేలు చేసినట్టు అతని ముఖం వెలిగింది.

నోటీసులో వచ్చిన రుసుము చూసి సూర్యప్రకాశం ఆ రోజు టీవీ పెట్టలేదు. గదిని అమ్మినా, దాని వెనకున్న ఇంటిని అమ్మినా అంత రాదు. రుసుము కట్టేదాకా కప్పు వేయకూడదని కూడా నోటీసులో ఉంది.

భ్రమరాంబ ఇస్త్రీ చీర కట్టుకుని కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆవిడను కూర్చోబెట్టి, కళ్ళజోడు తీసి, శ్రద్ధగా విన్నారు.

“తమరు దానిని సంగీతం గది అని భావిస్తున్నారు,” అన్నారు. “తమ దృష్టిలో అది సబబే. కానీ పరిపాలనా దృష్ట్యా అది ఒక రాకపోకల ఉత్పత్తి కేంద్రం. తమరక్కడ స్వరాలు ఉత్పత్తి చేస్తామంటున్నారు. పురపాలక సంఘానికి వినిపించేది హారన్లు.”

“విమానాశ్రయం అని రాశారండీ.”

“చిన్న తరహా,” అని ఆయన సౌమ్యంగా సవరించారు.

“నిజం చెప్పేస్తానండీ. ముప్పై మంది రారు. ఏదో నోరు జారి అనేశాను. ఇద్దరొస్తారు. వాళ్ళూ ఎన్నాళ్ళొస్తారో తెలీదు.”

కమిషనర్ గారి ముఖంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది. “అనగా ఆ గదికి ప్రజలను ఆకర్షించే శక్తి లేదని తమరి వాదన. అది రుజువు చేయగలిగితే పురపాలక సంఘం ఎంతో సంతోషిస్తుంది. పరిశీలక బృందం సమక్షంలో నిరూపించండి. జనాకర్షణ రాహిత్య ధ్రువపత్రం మంజూరు చేస్తాం. రుసుము పూర్తిగా మాఫీ.”

బయటికొస్తే వసారా అంతా జనం. అందరూ ఆ ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్ళే. ఆసుపత్రికి రెండు గదులు కలుపుకుంటున్న పిల్లల డాక్టరు తన దగ్గర నయం కానివాళ్ళను సాక్షులుగా పోగేసుకొచ్చాడు. వాళ్ళు దగ్గుతూ కూర్చున్నారు. కల్యాణమంటపం యజమాని తన మంటపంలో పెళ్ళి చేసుకుని విడిపోయిన జంటలను తీసుకొచ్చాడు. వాళ్ళు అక్కడ కూడా ఎడమొహం పెడమొహంగానే ఉన్నారు గానీ, ఒక జంట మాత్రం వరుసలో నిలబడి నిలబడి మాటలు కలిపేసింది. యజమాని వాళ్ళ మధ్య కూర్చుని ఎంత ప్రయత్నించినా లాభం లేకపోయింది. స్వీటు షాపు కొత్త బ్రాంచి పెడుతున్న ఆసామి తన కాజాలు ఎంత అధ్వాన్నమో చూడమని పరిశీలక బృందానికి ఒక పళ్ళెం ఇచ్చాడు. వాళ్ళు రెండో పళ్ళెం అడిగారు. ఆయన దరఖాస్తు అక్కడికక్కడే తిరస్కరించారు. శ్మశానం విస్తరణకు మాత్రం, వచ్చినవారు తిరిగి వెళ్ళరు కనుక సగం రుసుము చాలునని తీర్పు వచ్చింది.

ఊరి మర్యాదలు మారిపోయాయి. ఎవరినైనా నలుగురిలో మెచ్చుకోవడం అంటే పగ తీర్చుకోవడం కింద లెక్క. హోటల్లో ఇడ్లీ బాగుందని ఎవరైనా పైకి అంటే ఓనరు పరిగెత్తుకొచ్చి, “మెల్లగానండీ బాబూ, ఇంట్లో పిల్లలున్నారు,” అని బతిమాలుతున్నాడు. పిల్లల డాక్టరు ఆసుపత్రి బోర్డు మీద తన డిగ్రీల కింద ‘ఇక్కడ తగ్గదు’ అని రాయించుకున్నాడు.

“నీకైతే చాలా తేలిక భ్రమరా,” అన్నాడు సూర్యప్రకాశం. “ఒక్క అరగంట శ్రుతి తప్పి పాడు. ఎవరూ నిలబడరు. సర్టిఫికెట్ చేతికొస్తుంది.”

ఆవిడ ఆయన వైపు చూసిన చూపుకి ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

కానీ వేరే దారి కనిపించలేదు. భ్రమరాంబ తలుపులన్నీ మూసుకుని అపస్వరం సాధన చేయడం మొదలుపెట్టింది. వేల మంది ఆడపిల్లల గొంతుల్లో అపస్వరం ఎక్కడ దాక్కున్నా చెవి పట్టుకుని బయటికి లాగిన మనిషి, దాన్ని తన గొంతులోకి రమ్మని బతిమాలుకుంటే అది రాలేదు. గాంధారాన్ని బలవంతాన కిందికి దింపితే, పట్టు వదలగానే అది మళ్ళీ తన చోటికి వెళ్ళి కూర్చునేది. చివరికి ముక్కు మూసుకుని, మెడ ఒక పక్కకి వంచి పాడితే కొంత గుణం కనిపించింది.

“పోనీ నేను పాడనా?” అన్నాడు సూర్యప్రకాశం మనస్ఫూర్తిగా.

దరఖాస్తుదారు స్వయంగా ఆకర్షించకపోవాలని రూలు.

పరీక్ష రోజు కప్పు లేని గది ముందు రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో కమిషనర్ గారు, ఇంకోదాంట్లో లెక్క రాసుకోవడానికి భద్రరాజు. మార్కెట్ వీధి తవ్వేశారు కాబట్టి జనమంతా ఈ సందులోంచే పోతున్నారు. పరీక్షకు ఇంతకంటే అనువైన చోటు లేదని కమిషనర్ గారు మెచ్చుకున్నారు.

భ్రమరాంబ మెడ వంచి, ముక్కు మూసుకుని మోహన రాగం ఎత్తుకుంది.

భద్రరాజు చేతిలో పెన్ను కింద పడింది. దూరంగా కట్టేసున్న గేదె తాడు బిగదీసింది. సూర్యప్రకాశం కిటికీలోంచి బొటనవేలు ఎత్తి చూపించాడు.

చేపల గంప నెత్తిన పెట్టుకుని పోతున్న నూకరత్నం టక్కున ఆగిపోయింది. ఆమె చిన్నప్పుడు ఆరో తరగతిలో భ్రమరాంబ దగ్గర నేర్చుకుంది. గంప దింపి గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

“టీచరమ్మగోరూ! ఏటైపోయిందండీ మీకు?”

భ్రమరాంబ పాడుతూనే ఉంది. ఆపితే పరీక్ష పోతుంది.

“ఓలమ్మో, మూతి పక్కకెళ్ళిపోయిందండీ! ఎవరైనా డాక్టరుగోరిని పిలండీ!” అని నూకరత్నం గొంతెత్తింది.

ఒక ఆటో ఆగింది. దాని వెనక ఇంకొకటి. కవలల తల్లి మిరియాల కషాయంతో పరిగెత్తుకొచ్చింది. టీచరుగారికి పక్షవాతం వచ్చిందని సందు మొదట్లో అన్నారు. సందు చివరికి వెళ్ళేసరికి ఆ మాట ఇంకా ముదిరింది. ఆవిడ దగ్గర చదువుకున్న ఆడవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, ఆ మొగుళ్ళ బళ్ళు, స్కూలు బస్సు అన్నీ వచ్చి ఆగాయి. చివరికి పిల్లల డాక్టరు కూడా వచ్చాడు. వచ్చినవాడు తన చేతిలో ఏదీ తగ్గదని మునిసిపాలిటీకి రాసిచ్చిన సంగతి గుర్తొచ్చి, దూరంగానే నిలబడ్డాడు. హారన్లు మొదలయ్యాయి.

“చిన్న తరహా కొట్టేయండి,” అన్నారు కమిషనర్ గారు భద్రరాజుతో. “అంతర్జాతీయం అని రాయండి.”

భ్రమరాంబ కళ్ళు తెరిచి చూసింది. గోడవతల అన్నీ తెలిసిన ముఖాలే. నూకరత్నం చేపల చేత్తోనే కళ్ళు తుడుచుకుంటోంది. గదికోసం తన చేతులారా ఎంత పని చేసిందో ఆవిడకప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. రుసుము ఏమైతే అయింది, గది ఏమైతే అయింది. ముక్కు వదిలేసి, మెడ నిటారుగా పెట్టి, తంబూరా మీటి, కల్యాణి ఎత్తుకుంది.

నాలుగు స్వరాలు పడేసరికి హారన్లు ఆగిపోయాయి. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఏళ్ళ తరబడి స్కూలు గంటల మధ్య ముక్కలు ముక్కలుగా పాడిన రాగం ఆ రోజు నిండుగా వచ్చింది. తను ఎందుకు పాడుతోందో కూడా మర్చిపోయింది.

“అమ్మయ్య, బానే ఉన్నారండీ మా టీచరమ్మగోరు,” అని నూకరత్నం గంప ఎత్తుకుంది. ఆటోవాడు ఇంజను స్టార్టు చేశాడు. కవలల తల్లి కషాయం తనే తాగేసి వెళ్ళిపోయింది. టీచరుగారికి ఏమీ కాలేదని, ఎప్పటిలాగే పాడుతున్నారని తేలిపోయాక అక్కడ ఎవరికీ పని లేకపోయింది. ఆవిడ రాగం ముగించి కళ్ళు తెరిచేసరికి సందంతా ఖాళీ. ఒక్క కుక్క మిగిలింది. అదీ నిద్రపోతోంది.

“అద్భుతం!” అని కమిషనర్ గారు లేచి నిలబడ్డారు.

భ్రమరాంబ తంబూరా పక్కన పెట్టింది. “నచ్చిందాండీ?”

“పాట సంగతి నాకు తెలియదమ్మా. రోడ్డు చూడండి!”

వారంలో ధ్రువపత్రం వచ్చింది. ‘శుద్ధమైన సంగీతం ప్రజలను ఏ విధంగానూ ఆకర్షించదనియు, గుమికూడిన వారిని సైతం తక్షణమే చెదరగొట్టుననియు పరిశీలనలో రూఢి అయినందున, సదరు గదికి రుసుము మాఫీ చేయడమైనది. అయితే అందులో అపస్వరం వినిపించిన మరుక్షణం ఈ ధ్రువపత్రం రద్దగును.’ సూర్యప్రకాశం దాన్ని ఫ్రేము కట్టిస్తానని బయల్దేరాడు.

“ముప్పై ఏళ్ళు సంగీతం చెప్పినందుకు ప్రభుత్వం నాకిచ్చిన సర్టిఫికెట్ అదొక్కటేనండీ,” అంది భ్రమరాంబ. ఆ పూట అన్నం తినలేదు. సూర్యప్రకాశం ఫ్రేము మాట మళ్ళీ ఎత్తలేదు.

గదికి కప్పు పడింది. కవలలు వచ్చారు. నోరు తెరిస్తే ధ్రువపత్రం పోతుందని భ్రమరాంబ వాళ్ళచేత తాళం మాత్రం వేయిస్తోంది. వాళ్ళమ్మకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది.

ఈలోగా వైకుంఠరావు గారు రాజధానిలో ఉపన్యాసం ఇచ్చారు. ఒక్క రాకపోక కూడా పుట్టించని కట్టడం దేశం మొత్తంమీద మా ఊళ్ళోనే ఉంది, దీన్ని నందిరేవు నమూనా అంటారు అని చెప్పారు. సభ లేచి నిలబడింది. ఎవరూ రాని ఆ గదిని చూసి నేర్చుకోవడానికి ఊరూరి మునిసిపాలిటీల నుంచి కమిషనర్లు బయల్దేరారు. ఒక బస్సు వచ్చింది. మర్నాడు ఇంకో రెండు వచ్చాయి. వాటి వెనక జీపులు, జీపుల వెనక ఫొటోలు తీసేవాళ్ళు. సందులో బండి కదిలే దారి లేదు. కవలలు ఇల్లు దాటి రావడానికి దారి లేక మానేశారు.

భద్రరాజు తల దించుకుని వచ్చాడు. చేతిలో కొత్త నోటీసు ఉంది.

“ఏం చెయ్యమంటారమ్మా. రాకపోకలు పుట్టాయి. ఏ గదికి పుడితే ఆ గదే కట్టాలి.”

“వీళ్ళు నాకోసం వచ్చారా రాజుగారూ?” అంది భ్రమరాంబ. ఈసారి ఆవిడకు కోపం రాలేదు. రావలసినదంతా ఎప్పుడో అయిపోయింది. “మీ ఆఫీసు పనిమీద వచ్చారు. ఆఫీసు పనిమీద వచ్చినవాళ్ళ రాకపోకలు ఎవరి లెక్కలో వేస్తారు?”

భద్రరాజు తీర్మానం తిరగేశాడు. ఉన్నట్టుండి అతని ముఖం పాలిపోయింది. “మునిసిపాలిటీ లెక్కలోనమ్మా.”

ఈ మాట కమిషనర్ గారి చెవిన పడింది. అప్పటికి ఆయన బస్సు దిగుతున్న అతిథులకు పూలగుత్తులు ఇస్తున్నారు. మూడు బస్సుల కమిషనర్ల రాకపోకలంటే మునిసిపాలిటీ తన భవనాన్ని తనకే అమ్ముకోవాలి. ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పరిపాలనా దక్షతంతా కూడగట్టుకుని ప్రకటించారు.

“వీరెవ్వరూ ఉద్యోగరీత్యా విచ్చేయలేదు. సంగీతాభ్యాస నిమిత్తం స్వచ్ఛందంగా విచ్చేశారు. ధ్రువపత్రం ఉన్నంతవరకు ఆ గదిలో సంగీతానికి రుసుము లేదు.”

అక్కడికక్కడే కాగితం రాయించి, ముందు తను సంతకం పెట్టి, అతిథులందరిచేతా పెట్టించారు. ఏం కాగితమని ఒక్కరూ అడగలేదు. చదవకుండా సంతకం పెట్టడం వాళ్ళకు అలవాటే.

భ్రమరాంబ ఆ కాగితం చదివింది. రెండోసారి కూడా చదివింది. పమిట సర్దుకుని గది తలుపు బార్లా తెరిచింది.

“అయితే బయట నిలబడ్డారేం? లోపలికి రండి. చెప్పులు అక్కడ విడవండి. అలా కాదు, బాసింపట్టు వేసుకుని కూర్చోండి.”

సూటు వేసుకున్నవాళ్ళు, సఫారీ వేసుకున్నవాళ్ళు చాప మీద ఇరుక్కుని కూర్చున్నారు. చోటు చాలని వాళ్ళు మెట్ల మీద, మిగిలినవాళ్ళు సందులో బారుగా కూర్చున్నారు. వైకుంఠరావు గారు గుమ్మం దగ్గర నిలబడి వాచీ చూసుకోబోతే, సంతకం పెట్టిన వాళ్ళలో ఆయన పేరే మొదట ఉందని భ్రమరాంబ చూపించింది. ఆయన ముందు వరసలో కూర్చున్నారు.

తంబూరా మోగింది. “స,” అంది భ్రమరాంబ.

“స,” అన్నారు కమిషనర్లు.

గేదె తాడు తెంపుకుంది. సందు చివర ఎవరో కేక పెట్టారు. కిటికీల్లో తలలు పుట్టాయి. నాలుగు వైపుల నుంచీ జనం పరిగెత్తుకొస్తున్న చప్పుడు వినపడింది. భద్రరాజు అలవాటుగా పెన్ను తీశాడు.

“రాయకు!” అని అరిచారు వైకుంఠరావు గారు. అపస్వరం వినిపిస్తే రద్దని ధ్రువపత్రంలో చివరి వాక్యం ఆయన స్వయంగా చెప్పి రాయించినదే. అది రద్దయితే మాఫీతో పాటు నందిరేవు నమూనా కూడా పోతుంది. “అమ్మా, తలుపు వేయించండి. వీళ్ళకి శ్రుతి కుదిరేదాకా ఒక్కణ్ణి కూడా బయటికి వదలకండి.”

“మా బస్సండీ...” అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

“పోవడం కూడా రాకపోకే!” అన్నారు వైకుంఠరావు గారు, ఏడుపు గొంతుతో.

సూర్యప్రకాశం బయటినుంచి తలుపు గడియ పెట్టి, డ్రైవర్లను టీ తాగి రమ్మని పంపించాడు. భ్రమరాంబ తన తరగతిని కలియజూసింది. ఆవిడ సర్వీసంతటిలో ఇంత అధ్వాన్నమైన తరగతి ఎన్నడూ తగల్లేదు. ఒక్కడికీ శ్రుతి లేదు, ఒక్కడికీ తాళం లేదు. పక్కవాడు ఏమంటాడో విని దాన్నే ఇంకాస్త గట్టిగా అనడం తప్ప వాళ్ళకు ఏ విద్యా రాదు. ఆవిడ మనసు గాల్లో తేలిపోతోంది. కనీసం ఆరు నెలల పని ఉంది.

“అందరూ ఆపండి,” అంది. “ముందు వరసలో మీరు, వైకుంఠరావు గారూ. మీరొక్కరే. ఊపిరి తీసుకోండి. ఉపన్యాసానికి తీసుకున్నట్టు కాదు, మామూలుగా.”

వైకుంఠరావు గారు కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరిచారు.

భ్రమరాంబ విని, తల అడ్డంగా ఊపింది.

“మళ్ళీ.”